బక్కన్న మెడ మీద నా పరీక్ష

ఆ రోజుల్లో డాక్టరు కావాలంటే తెలివితేటలు ఉండాలని మా ఊళ్లో అందరూ అనుకునేవారు. నేను అనుభవంతో చెబుతున్నాను, తెలివి తర్వాతి సంగతి, ముందు కావలసింది మంచి మెడ. మన మెడ కాదు, ఎదుటివాడిది. సన్నగా, పొడుగ్గా, చొక్కా విప్పగానే గొంతు కింది అడ్డ ఎముకలు రెండూ స్పష్టంగా కనబడే మెడ. అలాంటిది దొరక్కనే నేను వైద్య కళాశాలలో శరీర నిర్మాణం పరీక్ష మొదటిసారి తప్పాను. (పుస్తకం తెరవకపోవడం కూడా ఒక కారణమని మా అమ్మతో సహా కొందరి అభిప్రాయం. వాళ్లతో ఇప్పుడు వాదన దేనికి?)

మాది కొండాపూర్ పక్కన ఒక చిన్న పల్లె. ఇప్పుడక్కడ లిఫ్టు ఎక్కితే చెవులు దిబ్బళ్లు పడేంత ఎత్తు మేడలున్నాయి గానీ, అప్పుడు రాళ్ల గుట్టలు, సీతాఫలం పొదలు, వాటి మధ్య జొన్నచేలు, ఆ చేలల్లో పడి మేసే మా మేకలు, ఆ మేకల మూలంగా మమ్మల్ని తిట్టే మనుషులు ఉండేవారు. పట్నం పోవాలంటే కాలినడక, లేదంటే ఎడ్లబండి, అదీ లేదంటే బక్కన్న సైకిలు. బక్కన్న రోజూ తెల్లవారగానే పట్నానికి పాలు పట్టుకుపోయే మనిషి. అసలు పేరేమిటో ఆయనకే గుర్తు లేదనుకుంటాను. ఎన్ని పాలు పితికినా ఒక్క చుక్క కూడా ఒంటికి పట్టని దేహం ఆయనది.

ఊళ్లల్లో గొడవలన్నీ సద్దుమణిగి, మనుషులు మళ్లీ గట్టిగా నవ్వడం మొదలుపెట్టిన యేడు అది. మేము చేరినప్పుడు కళాశాలలో పాఠాలు ఉర్దూలో చెప్పేవారు. ధమనిని 'షిర్యాన్' అని కష్టపడి బట్టీపట్టాక రాజ్యం మారింది, దాని వెంట పుస్తకమూ ఇంగ్లీషులోకి మారింది. అదే రక్తం, అదే గొట్టం, పేరు మాత్రం బారెడు. నేను తప్పానని తెలిసిన రోజు మా నాయన కేకలేమీ వెయ్యలేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, తువ్వాలతో తుడుచుకుంటూ ఒకే మాట అన్నాడు. "ఇంకొక్కపారి చూస్త. గప్పుడు గిట్ల తప్పినవంటే ఇగ పట్నం ముచ్చట బంద్. పట్వారీతోని మాట్లాడిన. ఆయన ఎన్క గొడుగు పట్టుకొని తిరుగుదువు."

పట్వారీ అంటే మా ఊరి కరణం, ఆయన సంగతి మీకు తెలియాలి. మంచి మనిషే, కానీ నస్యం పీలుస్తాడు. పీల్చాక తుమ్ముతాడు. తుమ్మేటప్పుడు ఎటు తిరగాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆయన వెనక గొడుగు పట్టుకుని ఒక జీవితకాలం నడవడం ఊహించుకుని ఆ రాత్రే పుస్తకం తెరిచాను.

అయితే పరీక్ష పాస్ కావాలంటే హన్స్‌లీ సాబ్‌ను దాటాలి. హన్స్‌లీ అంటే ఉర్దూలో గొంతు కింది అడ్డ ఎముక. మా ప్రొఫెసరు గారికి మనిషి ఒంట్లో దాని మీదే ప్రేమ, అందుకే మేము పెట్టుకున్న పేరది. ఆయన ఇంట్లో తెలుగు, క్లాసులో ఉర్దూ, కోపం వస్తే ఇంగ్లీషు మాట్లాడేవారు. "శవం మీద ఎవడైన చూపెడ్తడు మియా, బతికున్నోని మీద చూపెట్టు" అనేవారు. పరీక్షలో ఒక బతికున్న మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, చేతికి రంగు సుద్దముక్క ఇచ్చి, లోపల ఏ ధమని ఎక్కడ పోతుందో చర్మం పైన గీయమనేవారు. ముందే ఆ మనిషి మీద ఎవరూ సాధన చేసుకోకుండా ఆయన ఒక పద్ధతి పెట్టారు. పరీక్ష పొద్దున చప్రాసీ గేటు దగ్గర నిలబడి, కనబడిన మొదటి బక్కమనిషిని నాష్తా ఆశ చూపి లోపలికి తీసుకురావాలి.

ఇక ఆ ధమని సంగతి. పేరు సబ్‌క్లేవియన్. పేరుకు ఎముక కిందిది అని అర్థం. కానీ అది మెడలో ఎముకకు వేలు వెడల్పు పైకి లేచి, వంపు తిరిగి, మళ్లీ ఎముక వెనక్కి దిగి చేతిలోకి పోతుంది. పేరును నమ్మి ఎముక కింద గీసినవాడు గోవిందా. నేను మొదటిసారి అలాగే అయ్యాను. ఆ వంపు మీద ఒక పొట్టి మొదలు పుడుతుంది, దాన్ని థైరోసర్వైకల్ ట్రంకు అంటారు. పుట్టీ పుట్టగానే మూడు కొమ్మలవుతుంది. ఒకటి గొంతులోని థైరాయిడ్ గ్రంథికి, ఒకటి మెడకు అడ్డంగా వెనక్కి, ఇంకొకటి భుజం రెక్కకు. వంపు కింది అంచు నుంచి మరొకటి, రొమ్ము ధమని, దిగి, రొమ్ము ఎముక అంచుకు వేలు వెడల్పు దూరంలో, పక్కటెముకల వెనకాల చల్లగా కిందికి జారుకుంటుంది. ఇదంతా చదువుతుంటే బాగానే ఉంటుంది. ఎదురుగా మనిషి కూర్చుని ఊపిరి పీలుస్తుంటేనే చదివిందంతా గాలికి పోతుంది.

సెలవులకు ఇంటికి వచ్చి మెడ కోసం వెతికాను. ఇంట్లోనే ఉంది. మా అమ్మ తమ్ముడు, కొంగ మామ. పేరు ఊరు పెట్టింది, కారణం మెడే. మామకు పెళ్లి లేదు, పని లేదు, దిగులు అసలే లేదు. "జర మెడ ఇయ్యి మామా" అంటే "తీస్కపోరా, దీనితోని నాకేం పని" అని అరుగు మీద చొక్కా విప్పి కూర్చున్నాడు. కానీ సుద్దముక్క తగిలిందో లేదో, "అరే, గిలిగిలైతుందిరా!" అని గంతేశాడు. గీసినదేమో చెమటకు కరిగి బొడ్డు దాకా కారింది. బొగ్గుతో గీస్తే మామ దారిదోపిడీవాడిలా తయారయ్యాడు. చివరికి మామే ఉపాయం చెప్పాడు. మా అమ్మ గడపలకు పూసే జాజు, ఆ ఎర్రమట్టిని తుమ్మబంకలో కలిపి, కొస నమిలిన ఈతపుల్లతో గీశాను. అద్భుతం! కడిగితే తప్ప పోదు. మామ అద్దంలో చూసుకుని, "గిదేందిరా, మన చెరువు తూము కాడ పిల్లకాలువల లెక్కున్నది" అని మురిసిపోయాడు.

సరిగ్గా అప్పుడే ఎదురింటి అవ్వ వచ్చింది. చేటను కింద పెట్టి, నోటి మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో కొడుకా, మెడకు అక్కి లేసిందా?"

అక్కి ఏమిటో తెలియనివారికి ఒక మాట. ఒంటికి ఒకపక్క గుత్తులుగా పొక్కులు లేచి, నిప్పు పెట్టినట్టు మండే జబ్బది. ఆ రోజుల్లో దానికి మందు వేసేవారు కాదు, జాజుతో ఒంటి మీద బొమ్మ గీసేవారు. దాన్నే అక్కి రాయడం అంటారు. బొమ్మ తనంతట తాను రాలిపోయేదాకా నీళ్లు తగలకూడదు. మా చుట్టుపక్కల అక్కి రాసేది తెల్లాపూర్ కుమ్మరి తాత ఒక్కడే. ఆయన సింహం గీసేవాడు, చూసేవాళ్లకు పిల్లిలా ఉండేది. (మండుతున్నవాడికి పిల్లయినా సింహమే.) ఆ యేడు తాతకు చూపు తగ్గి రాయడం మానేశాడు.

నేను "కాదవ్వా, ఇది పరీక్ష కోసం..." అని మొదలుపెట్టేలోపే మామ అందుకున్నాడు. మేనల్లుడికి పలకగా కూర్చున్నానని చెప్పుకోవడం ఆయనకు నామోషీ. "అవునవ్వా, శాన మంటుండె. మా అల్లుడు రాసిండు, సల్లవడ్డది. పట్నంల పెద్ద సదువుల నేర్పిండ్రు."

"మరి సింహం ఏది?"

"గది పాతది అవ్వా. ఇది ఇంగ్లీష్ అక్కి. సింహం ఉన్నకాడ్నే నిలబడ్తది, ఇది పాక్కుంట పోయి పడ్తది."

అవ్వ చేట అక్కడే వదిలేసి లేచి వెళ్లింది. అవ్వ ఒక మాట విన్నదంటే దండోరా వేయించే పని లేదు. కాసేపటికే బక్కన్నను రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. ఆయనకు నిజంగానే అక్కి లేచింది. మెడకు కుడిపక్క, హన్స్‌లీ మీదుగా రొమ్ము దాకా పొక్కులు. పాపం, చొక్కా తగిలితే ఓర్చుకోలేకపోతున్నాడు. నేను మామ వైపు చూశాను. మామ నా వైపు చూడలేదు. బక్కన్న చొక్కా విప్పాడు. చెబితే నమ్మరు, పాఠ్యపుస్తకంలో బొమ్మ వేయడానికి బ్రహ్మదేవుడు ప్రత్యేకంగా చేయించినట్టుంది ఆ మెడ! నా చెయ్యి దానంతట అదే ఈతపుల్ల మీదికి పోయింది.

పొక్కుల మీద పుల్ల పెట్టడానికి మనసొప్పలేదు. ఎడమపక్క గీశాను. బక్కన్న తల వంచి చూసుకున్నాడు. "డాక్టర్ సాబ్, పొక్కులు గీ పక్కకున్నయ్ గదా?"

"కావలి ఎదురుంగ పెట్టాలె," అన్నాడు మామ. "ఎన్క పెడ్తే ఉరికిపోతది."

పరాయి మెడ మీద అది నా మొదటి గీత. కిందటిసారి ఎముక కింద గీసి తప్పాను కదా, ఆ భయంతో ఈసారి వంపును దవడ దాకా లేపాను. రొమ్ము ధమనిని ఎక్కడ దింపానో ఇప్పుడు చెప్పుకోను, చంకకు దగ్గర్లో అనుకోండి. బక్కన్నకు అవేమీ తెలియవు. వారం తిరిగేసరికి పొక్కులు మాడిపోయాయి, మంట తగ్గింది. (అది దానంతట అదే తగ్గే జబ్బని పుస్తకంలో ఉంది. ఆ పేజీ మామకు చూపించలేదు.) ఇక చూడండి, మా అరుగు మీద మెడల జాతర! దద్దు, గజ్జి, చెమటకాయలు, ఏది లేచినా అక్కే అని వచ్చేవారు. సన్న మెడలు, పొట్టి మెడలు, మూడు మడతలు పడ్డ మెడలు. దుకాణం సేటు గారికైతే హన్స్‌లీ ఎక్కడుందో వెతకడానికే నాకు సగం పొద్దు పట్టింది. మణికొండ నుంచి ఒకాయన నడుముకు పొక్కులతో వచ్చి, "నడుముకు లేస్తే మెడకు రాస్తవేంది?" అని నిలదీశాడు. మామ తడుముకోలేదు. "పైన కట్ట వేస్తే కింది మడికి నీళ్లెట్ల పోతయ్, చెప్పు?" ఆయన ఆలోచించి, న్యాయమే అని చొక్కా విప్పాడు. మనుషులు సీతాఫలాలు, వేరుశనగలు తెచ్చిపెట్టేవారు. అవి మామ తినేవాడు, మెడలు నేను తినేవాణ్ని. చివరికి కళ్లు మూసుకుని కూడా ధమని ఎక్కడ వంపు తిరుగుతుందో చెప్పగలిగే స్థితికి వచ్చాను.

పరీక్ష రోజు వచ్చింది. అమ్మ పెరుగన్నం పెట్టింది. పట్వారీ ఆ పొద్దున్నే పనిగట్టుకుని మా అరుగు మీద కూర్చుని, సంతలో ఎద్దును చూసినట్టు నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. పక్కనే గోడకు గొడుగు ఆనించి ఉంది. నేను దాని వైపు చూడకుండా బక్కన్న సైకిలు ముందు కడ్డీ మీద ఎక్కాను. వెనక పాలబిందెలు గణగణమంటుంటే, దారి పొడుగునా కొమ్మల పేర్లు నెమరువేసుకున్నాను. బక్కన్న మెడకు రుమాలు చుట్టుకుని ఉన్నాడు. ఎందుకు చుట్టుకున్నాడా అని ఒక్కసారైనా అనుకోవద్దూ? అనుకోలేదు.

కళాశాల గేటు ముందు దిగానో లేదో, చప్రాసీ నన్ను దాటుకుని పోయి సైకిలు హ్యాండిలు పట్టుకున్నాడు. "ఏ భాయ్, జర లోపలికి రా. చాయ్ తాపిస్త, నాష్తా పెట్టిస్త. ఊకె కూసునుడే పని."

బక్కన్న పాలబిందెల వైపు చూశాడు, నాష్తా అన్న మాట వైపు చూశాడు, సైకిలు గోడకు ఆనించాడు. ఊరి మనిషే కూర్చుంటున్నాడు, భయం ఉండదని నేను సంతోషించాను కూడా!

తప్పినవాళ్లను ముందు పిలవడం ఆనవాయితీ. కాబట్టి మొదటి పేరు నాదే. లోపల బక్కన్న స్టూలు మీద కూర్చుని మీసాలకు అంటిన చాయ్ తుడుచుకుంటున్నాడు. "చొక్కా ఇప్పు భాయ్," అన్నారు హన్స్‌లీ సాబ్. బక్కన్న రుమాలు తీశాడు. చొక్కా విప్పాడు. అప్పుడు గుర్తొచ్చింది నాకు.

రాలిపోయేదాకా నీళ్లు తగలకూడదు కదా! తుమ్మబంక పుణ్యాన ఒక్క కొమ్మ కూడా రాలలేదు. వంపు, మొదలు, దాని మూడు కొమ్మలు, చంక పక్కన దిగిన రొమ్ము ధమని, అన్నీ ఎర్రగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. హన్స్‌లీ సాబ్ కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"వాట్ ఈజ్ దిస్?"

ఇంగ్లీషు! కళ్ల ముందు గొడుగు తెరుచుకుంది.

"అక్కి సాబ్," అన్నాడు బక్కన్న. "జర ముట్టుకోకుండ్రి."

"ఎవరు రాసిండ్రు?"

బక్కన్న నా వైపు చూశాడు. నేను పైకప్పు వైపు చూశాను. ఎంతైనా ఊరి మనిషి, ఏదో అర్థమైంది. "మా ఊర్ల ఒకాయన రాస్తడు సాబ్. శాన మంచి చెయ్యి."

హన్స్‌లీ సాబ్ వంగి, ఆ గీతల వెంట వేలు తగలకుండా పోనిచ్చారు. ఆయన ముఖంలో కోపం మెల్లగా కరిగిపోయింది. ఇంగ్లీషు కూడా పోయింది. "అక్కి కాదిది. సబ్‌క్లేవియన్! కొమ్మలు గూడ పెట్టిండు. కని రాసినోడు సగం గాడిద." నా వైపు తిరిగారు. "మియా, నీకు ఇదే సవాల్. ఇందుల ఏమేం తప్పులున్నయో చెప్పు. చెప్తే పాస్. లేకుంటే ఖుదా హాఫిజ్."

నాకంటే బాగా ఎవరికి తెలుసు? గొంతు సవరించుకున్నాను. "వంపు మరీ పైకి పోయింది సార్. ఎముకకు వేలు వెడల్పు పైన ఉంటే చాలు. ఇది దవడ దాకా లేచింది."

బక్కన్న చివుక్కున తలెత్తాడు. "అట్లనకు! గంత పైకి రాసిండు కాబట్టే చెవికి ఎక్కలే."

"రొమ్ము ధమని కూడా తప్పు సార్. రొమ్ము ఎముక పక్కనే దిగాలి. ఇది చంకలోకి పోయింది."

"చంకల గూడ మంటుండె గద!"

"మొదలు కూడా ఇక్కడ కాదు సార్, ఇంకా లోపలికి..."

ఇక బక్కన్న ఓర్చుకోలేకపోయాడు. స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. "ఏందయ్యా నువ్వు! ఆ పొద్దు రాసేటప్పుడు మంచిగ కుదిరిందని నువ్వే అంటివి. ఇప్పుడు పెద్దసార్ ముంగట అన్నీ తప్పులంటవా? నా మెడ మీద రాసి, నా మెడనే తప్పు పడ్తవా?"

బయట ఎవరో సైకిలు గంట కొట్టారు. హన్స్‌లీ సాబ్ నన్నూ, బక్కన్న మెడనూ, మళ్లీ నన్నూ చూశారు.

"అచ్ఛా," అన్నారు. "రాసింది నువ్వేనా?"

"అవును సార్."

"ఈన ఒక్కని మీదనేనా?"

"లేదు సార్... ఊరందరి మీద."

ఆయన నవ్వడం మేమెవ్వరం అంతకుముందు చూడలేదు. మొదట భుజాలు కదిలాయి, తర్వాత కోటు గుండీలు, తర్వాత ఆ మనిషంతా. కుర్చీలో కూలబడి కళ్లు తుడుచుకున్నారు. తర్వాత సుద్దముక్క నా చేతిలో పెట్టి, "కుడిపక్క ఖాళీగున్నది. అక్కి తగ్గింది గద. గియ్యి," అన్నారు.

గీశాను. వేలు వెడల్పు పైకి లేచి వంపు తిరిగి దిగింది, మొదలు దాని చోట మొలిచింది, మూడు కొమ్మలూ మూడు దిక్కులకు పోయాయి, రొమ్ము ధమని రొమ్ము ఎముక పక్కగా బుద్ధిగా దిగింది. బక్కన్న ఊపిరి బిగబట్టి, అనుమానంగా చూసుకుంటూ కూర్చున్నాడు. హన్స్‌లీ సాబ్ చాలాసేపు చూసి తల ఊపారు. "ఈ పక్క గీసినోన్ని పాస్ చేస్తున్న. ఆ పక్క గీసినోడు మాత్రం మళ్లొకసారి రావాలె."

తిరుగు దారిలో బక్కన్న చాలా దూరం నాతో మాట్లాడలేదు. పాలు ఆలస్యమైనందుకు కాదు, అక్కిని పదిమందిలో అవమానించినందుకు. ఊరి గుట్టలు కనబడ్డాక, సైకిలు తొక్కుతూనే నెమ్మదిగా అడిగాడు. "తప్పు రాస్తేనే గింత తగ్గింది. ఇయ్యాల పెద్దసార్ ముంగట ఒప్పుగ రాస్తివి. ఇగ జన్మల రాదంటవా?"

"రాదు బక్కన్నా, ఫికర్ జెయ్యకు," అన్నాను. ఆయన ఎంత సంతోషపడ్డాడంటే పాలబిందెలతో సహా నన్ను గుంటలో పడేసినంత పని చేశాడు.

ఊళ్లో నేను నోరు తెరవక ముందే బక్కన్న చెప్పేశాడు. పట్నం పెద్ద డాక్టరు మన డాక్టరును పిలిపించుకుని, దగ్గరుండి అక్కి రాయించుకున్నాడట! పట్వారీ గొడుగు తీసుకుని లేచాడు, గడప దాటుతూ తుమ్మాడు, ఈసారి అటువైపు తిరిగి. మా నాయన తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు, తుడుచుకున్నదే మళ్లీ తుడుచుకున్నాడు. అది చూసి నేను దొడ్లోకి పోయి, ఆనందం పట్టలేక, కాసేపు ఏడ్చాను. కొంగ మామ మాత్రం చొక్కా విప్పి అరుగు మీద కూర్చుని, "ఇగ కడుపు పరీక్ష ఎప్పుడురా? నా కడుపు గూడ ఖాళీగనే ఉన్నది," అన్నాడు.

ఇప్పుడు నేను ఉంటున్న అపార్ట్‌మెంటు, నా లెక్క తప్పకపోతే, ఆ అరుగు ఉన్నచోటికి కొంచెం అటూ ఇటూగా, దాని పైన గాలిలో ఉంది. మొన్న నాకే అక్కి లేచింది. మెడకు, కుడిపక్క. మంటంటే ఏమిటో ఆ వయసులో తెలియలేదు గానీ ఈ వయసులో బాగా తెలిసింది, బక్కన్న ఎలా సైకిలు తొక్కాడో పాపం. మా మనవరాలు డాక్టరే, మాత్రలు రాసిచ్చింది. శాస్త్రం చదువుకున్నవాణ్ని, వేళకు వేసుకున్నాను. తర్వాత ఎవరూ లేనప్పుడు దాని బల్ల మీద ఉన్న ఎర్ర స్కెచ్‌పెన్ను తీసుకుని, అద్దం ముందు చొక్కా విప్పి, ఎడమపక్క గీయడం మొదలుపెట్టాను. ముసలి చెయ్యి, ఎక్కడ ఆగమంటే అక్కడ ఆగదు కదా. సగంలో ఉండగా మనవరాలు రానే వచ్చింది. నడుము మీద చేతులు పెట్టుకుని, కాసేపు పరీక్షగా చూసింది.

"ఏంది తాతా ఇది? సబ్‌క్లేవియన్ దవడ దాకా పోయింది!"

"అట్లనకు బిడ్డా," అన్నాను. "గంత పైకి రాసిన కాబట్టే చెవికి ఎక్కలే."

అది రాలిపోయేదాకా నేను మెడకు నీళ్లు తగలనివ్వలేదు.